పాములూ వాటి పిల్లలూ: మీరడిగారు, మేం చెప్తున్నాం

వానలు పడటం మొదలైన దగ్గర్నుంచీ వస్తున్న ప్రశ్నల్లో ఎక్కువ భాగం పాము పిల్లల గురించే, అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చేశాం. కొన్నిటికి ఒక్క ముక్కలో జవాబు సరిపోతుంది, కొన్నిటికి సరిపోదు, ఓపిగ్గా చదవండి.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. ఒకే వారంలో బాత్రూం తూము దగ్గర ఒకటి, వంటింటి గడప దగ్గర ఒకటి నాగుపాము పిల్లలు కనపడ్డాయి. జానెడు పొడవే, కానీ పడగ విప్పాయి. మా ఆయన ఒకదాన్ని కొట్టేశారు. తల్లి పాము పగబట్టి వెతుక్కుంటూ వస్తుందని పక్కింటి పిన్నిగారు అంటున్నారు, రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు. - ఒక గృహిణి

అమ్మా, ముందు ఆ భయం తీసేయండి, తల్లి రాదు. ఆడ నాగుపాము ఏప్రిల్ నుంచి జూలై లోపు ఎలుక బొరియలోనో పుట్టలోనో గుడ్లు పెడుతుంది, మామూలుగా 12 నుంచి 30 దాకా ఉంటాయి, అవి పొదగడానికి అటూ ఇటూగా రెండు నెలలు పడుతుంది, ఆ రెండు నెలలూ తల్లి దగ్గర్లోనే ఉండి కాపలా కాస్తుంది. కానీ గుడ్డు చీల్చుకుని పిల్ల బయటికొచ్చిందంటే ఇంక తల్లికీ పిల్లకీ సంబంధం తెగిపోయినట్టే. తిండి తెచ్చిపెట్టదు, వెంట తిప్పుకోదు, ఏది తన పిల్లో కూడా దానికి తెలీదు. పగ అంటే జరిగింది గుర్తుపెట్టుకోవాలి, చేసిన మనిషిని పోల్చుకోవాలి, కావాలని వెతకాలి, ఇదంతా చెయ్యగల మెదడు పాముకి లేదండి.

మీరు భయపడాల్సింది వేరే ఉంది. వారంలో రెండు కనపడ్డాయంటే గుడ్లు పెట్టిన బొరియ మీ ఇంటి చుట్టుపక్కలే ఉంది, అక్కణ్ణుంచి మిగతావి కూడా ఒక్కొక్కటే బయల్దేరుతుంటాయి. తడి ఉన్న చోట చిన్న కప్పలు, బల్లులు దొరుకుతాయి కాబట్టి బాత్రూం వైపు వస్తాయి. తూముకి సన్న కన్నాల జాలీ బిగించండి, తలుపు కింద సందు ఉంటే పాత గోనె మడిచి పెట్టండి, గోడవార పేర్చిన ఇటుకలు, కొబ్బరి మట్టలు, కట్టెలు ఉంటే ఇంటికి దూరంగా మార్పించండి, అయితే చేత్తో మాత్రం వద్దు, పొడుగు కర్రతో కదిలించాకే ముట్టుకోవాలి. చీకటి పడ్డాక బాత్రూంకి వెళ్తే లైటు వేసి నేల చూశాకే కాలు పెట్టండి. ఇంకో పిల్ల కనపడితే కొట్టకండి, దాని మీద బక్కెట్ బోర్లించి పైన బరువు పెట్టి ఫారెస్ట్ వాళ్లకో మీ దగ్గర్లో పాములు పట్టేవాళ్లకో ఫోన్ చెయ్యండి. దగ్గరికి వెళ్లి బోర్లించే ధైర్యం లేకపోతే దూరంగా నిలబడి అదెటు పోతుందో చూస్తూ ఉన్నా చాలు. పాముని కొట్టబోయి కాటు తిన్నవాళ్లు ఊరికొకరు ఉంటారు.

మాది జగిత్యాల దగ్గర ఊరు. పాత గడ్డివాము తీస్తుంటే అడుగున తెల్లటి గుడ్లు ఒకదానికొకటి అతుక్కొని దొరికినయ్, పది పదిహేను ఉంటయ్. మా తమ్ముడు నాగుపామువి అంటడు, మా బాపు జెర్రిపోతువి అంటడు. ఎట్ల తెలుస్తది? కాలవెట్టాల్నా, అట్లనే ఉంచాల్నా? - ఒక రైతు

అన్నా, కాలబెట్టొద్దు. గుడ్డు చూసి ఇది ఫలానా పాముదే అని చెప్పడం బాగా తెలిసినవాళ్లకి కూడా కష్టం, నాగువి జెర్రిపోతువి రెండూ తెల్లగా కోలగానే ఉంటాయి. అతుక్కుని ఉన్నాయన్నారు కాబట్టి పాము గుడ్లే అయ్యే అవకాశం ఎక్కువ. పాము గుడ్డుకి కోడిగుడ్డులా పెళుసు పెంకు ఉండదు, తోలులా మెత్తగా ఉంటుంది, నేలలో తేమ పీల్చుకుని రోజులు గడిచేకొద్దీ ఉబ్బుతుంది కూడా. అందుకే గడ్డివాము అడుగు, పేడకుప్ప, పుట్ట, ఇలాంటి వెచ్చగా చెమ్మగా ఉండే చోట్లే వెతుక్కుంటాయి.

ఇక్కడే ఇంకో సంగతి చెప్పాలి, ఎందుకంటే పాములన్నీ గుడ్లే పెడతాయని చాలామంది అనుకుంటారు. నాగుపాము, కట్లపాము, జెర్రిపోతు, నీళ్లపాము, కొండచిలువ ఇవన్నీ గుడ్లు పెట్టేవే. రక్తపింజరి, చిన్నపింజరి, చెట్ల మీద ఉండే పసిరిక పాము, రెండు తలల పాము అని మనవాళ్లు పిలిచేది, ఇవి నేరుగా పిల్లల్నే కంటాయి. గుడ్డు తల్లి కడుపులోనే పెరిగి, పలచటి పొరలో చుట్టుకుని బయటికొస్తుంది, ఆ పొర చీల్చుకుని పిల్ల పాకడం మొదలుపెడుతుంది. రక్తపింజరి ఒక్క కాన్పులో 20 నుంచి 40 పిల్లల దాకా కంటుంది, అంతకు మించి కన్న సందర్భాలూ ఉన్నాయి. అంటే మీ పొలంలో ఎక్కడా గుడ్లు కనపడలేదంటే పింజరి లేదని కాదు.

గుడ్లలోంచి పిల్లలు రావడం చూడగలిగితే భలే ఉంటుంది. పిల్ల పై పెదవి దగ్గర చిన్న మొన ఉంటుంది, గుడ్డు చీల్చడానికే పుట్టిన పన్ను అది, దాంతో తోలు పెంకుని లోపల్నుంచి బ్లేడుతో గీసినట్టు రెండు మూడు చోట్ల కోస్తుంది, ఆ గీతలోంచి ముక్కు, తర్వాత తల బయటపెట్టి నాలుక ఆడిస్తూ గంటల తరబడి అలాగే ఉంటుంది, చిన్న అలికిడైతే మళ్లీ గుడ్డులోకి లాగేసుకుంటుంది. కడుపులో మిగిలిన పచ్చసొన అరిగేదాకా దానికి తిండి అక్కర్లేదు, ఆ పన్ను కూడా కొన్ని రోజులకే ఊడిపోతుంది. సుమారు వారం పది రోజులకి మొదటి కుబుసం విడుస్తుంది, వేట సాధారణంగా ఆ తర్వాతే.

మీరు చెయ్యాల్సిందల్లా ఆ గుడ్లని కదపకుండా, తిప్పకుండా పైన మళ్లీ గడ్డి కప్పి ఫారెస్ట్ బీట్ ఆఫీసుకి చెప్పడం. చెయ్యి మాత్రం పెట్టకండి, నాగు కానీ కట్లపాము కానీ అయితే తల్లి అక్కడే చుట్ట చుట్టుకుని ఉండొచ్చు. బాపు అన్నట్టు జెర్రిపోతువే అయితే మీకు లాభమే, దానికి విషం లేదు, మీ వరి మడుల్లో ఎలుకల్ని అది తిన్నంతగా ఏ మందూ చంపదు.

జెర్రిపోతు మగది, నాగుపాము ఆడది, రెండూ జత కడతాయి అంటారు. మా ఊరి చెరువు గట్టు మీద రెండు పాములు నిలువునా లేచి పెనవేసుకుంటుంటే వీడియో తీశాం, అదే కదా? - ఒక డిగ్రీ విద్యార్థి, కావలి

కాదు బాబూ. రెండూ పూర్తిగా వేరే జాతులు, వాటికి జత కుదరదు. నాగుల్లో ఆడా మగా ఉన్నాయి, జెర్రిపోతుల్లోనూ ఉన్నాయి. పేపర్లలో 'పాముల సయ్యాట' అని వేసే ఫొటోల్లో చాలావరకు రెండు మగ జెర్రిపోతులు, ఆడపాము కోసం బలం చూపించుకుంటూ ఒకదాన్నొకటి నేలకి అణిచెయ్యాలని చూస్తుంటాయి, కరుచుకోవు, ఓడింది తప్పుకుంటుంది.

పెద్ద పాము కన్నా పిల్ల పాము విషమే ఎక్కువ డేంజర్ అని, పిల్లకి విషాన్ని ఎంత వదలాలో కంట్రోల్ తెలీదు కాబట్టి మొత్తం వదిలేస్తుందని వాట్సాప్‌లో వచ్చింది. నిజమేనా? - హాస్టల్ కుర్రాళ్లం, హైదరాబాద్

ఈ మెసేజ్ ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంది. నిజం ఏంటంటే విషమున్న పాము పిల్ల పుట్టిన క్షణం నుంచీ విషంతోనే ఉంటుంది, కోరలు పనిచేస్తాయి, కాటేస్తే ప్రాణం పోవచ్చు. కానీ దాని విషసంచి చిన్నది, పెద్ద పాము ఒక్క కాటులో దింపగలిగినంత విషం దాని దగ్గర ఉండదు. కంట్రోల్ తెలీదు అనేదానికి సరైన ఆధారం లేదు. కాబట్టి పిల్ల పెద్దదాని కన్నా ప్రమాదం అనడం తప్పే, పిల్లే కదా ఏం చేస్తుందిలే అనుకోవడం అంతకన్నా తప్పు. రెండో తప్పు వల్లే ప్రాణాలు పోతున్నాయి, నన్ను బాధపెట్టేది అదే. గుండు సూది గుచ్చినట్టుంది, రక్తం కూడా రాలేదు, చిన్న పామేగా అని ఇంట్లో కూర్చున్నవాళ్లు సాయంత్రానికి చిగుళ్ల నుంచి రక్తం కారుతూ ఆసుపత్రికి వస్తారు.

కాటేసింది పిల్లయినా పెద్దదైనా మందు ఒకటే. మన దేశంలో ఇచ్చే యాంటీ వెనమ్ నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటి విషం మీదా పనిచేసేలా తయారవుతుంది, గుర్రాలకి కొద్దికొద్దిగా విషం ఎక్కించి వాటి రక్తం నుంచి తీస్తారు. ఆ విషం ఎక్కువ భాగం తమిళనాడులో వడనెమ్మేలి దగ్గర ఇరుల గిరిజనుల సహకార సంఘం నుంచి వస్తుంది, 1978లో పెట్టారు దాన్ని. పాములు పట్టడంలో వాళ్లకున్న నేర్పుకే 2023లో మాసి సడయన్, వడివేల్ గోపాల్ అనే ఇద్దరు ఇరులవాళ్లకి పద్మశ్రీ వచ్చింది. ఇంకో మాట, కాటు తిన్నది చిన్న పిల్లాడైనా సరే మందు డోసు పెద్దవాళ్లకి ఇచ్చినంతే ఇస్తారు, డాక్టర్లు ఎక్కువ ఎక్కిస్తున్నారని కంగారు పడకండి, మందు విరగ్గొట్టాల్సింది పాము దింపిన విషాన్ని, అది పిల్లాడి బరువుని బట్టి తగ్గదు.

మాది అవనిగడ్డ వైపు. కోతలప్పుడు, నాట్లప్పుడు చిన్న చిన్న పాములు చాలా కనపడతాయి. కూలికి వచ్చేవాళ్లు కొండచిలువ పిల్ల అని చేత్తో పట్టుకుంటారు. ఏది ఏదో గుర్తుపట్టడం ఎలా? - ఒక కౌలు రైతు

మంచి ప్రశ్న అడిగారు, మీ దివిసీమ వాళ్లకి ఇది చాలా అవసరం, 2018 వానాకాలంలో మీ అవనిగడ్డ ఆసుపత్రికి పాము కాటు కేసులు ఎలా వరసపెట్టి వచ్చాయో మీరు చూసే ఉంటారు. కొండచిలువ పిల్ల అనుకుని రక్తపింజరి పిల్లని పట్టుకోవడం చాలా ప్రమాదమైన పొరపాటు. పింజరి పిల్లలు మే నుంచి నవంబర్ దాకా పుడతాయి, జూన్ జూలైల్లో ఎక్కువ, సరిగ్గా మీ నాట్ల సీజనే. పుట్టినప్పుడే జానెడు ఉంటాయి, లావుగా, తోక పొట్టిగా ఉంటుంది. వీపు మీద గోధుమరంగు గుండ్రటి మచ్చలు మూడు వరసల్లో గొలుసు అల్లినట్టు క్రమంగా ఉంటాయి, మచ్చ అంచు నల్లగా ఉంటుంది. కొండచిలువ మచ్చలకి ఆ క్రమం ఉండదు, ఒకటి పెద్దది ఒకటి చిన్నది, వంకర టింకరగా ఉంటాయి, పైగా దాని పిల్ల పుట్టేటప్పటికే మూరకి అటూ ఇటూగా ఉంటుంది. పింజరిని కదిలిస్తే కుక్కర్ విజిల్ వేసే ముందు ఆవిరి వదిలినట్టు గట్టిగా బుసకొడుతుంది, పిల్ల కూడా దాని ఒంటికి మించిన బుసే కొడుతుంది.

నీళ్లపాము పిల్ల మెడ చదును చేసి లేస్తే నాగుపాము పిల్లే అనిపిస్తుంది, ఒంటి మీద చదరంగం గళ్లలా మచ్చలు, కంటి కింద రెండు నల్లటి గీతలు ఉంటే అది నీళ్లపాము. నీళ్లపాములు గుడ్లు చాలా పెడతాయి, అందుకే కాలవల్లో పిల్లలు అన్ని కనపడతాయి.

ఇంక కట్లపాము. దీని పిల్లకీ, ఇళ్లలో గోడలెక్కి బల్లుల్ని తినే విషం లేని ఉల్ఫ్ స్నేక్‌కీ తేడా పట్టడం కష్టం. కట్లపాము నల్లగా నిగనిగలాడుతుంది, సన్నటి తెల్ల గీతలు జంటలు జంటలుగా ఉంటాయి, తోక వైపు వెళ్లేకొద్దీ స్పష్టంగా కనపడతాయి, వీపు మధ్య వరసలో పొలుసులు పక్క పొలుసుల కన్నా పెద్దగా ఆరు మూలలతో ఉంటాయి. ఉల్ఫ్ స్నేక్ గోధుమరంగులో ఉంటుంది, పట్టీలు మెడ దగ్గర వెడల్పుగా మొదలై తోక వైపు చెరిగిపోతాయి. ఇదంతా దూరం నుంచి ఫొటో జూమ్ చేసి చూసుకోవడానికే చెప్తున్నా, పిల్లల్లో రంగులు తేడాగా కూడా ఉంటాయి, పట్టుకుని చూద్దాం అని మాత్రం అనుకోవద్దు. పొలంలో దిగేటప్పుడు మోకాలి దాకా గంబూట్లు, పనలు ఎత్తేటప్పుడు ముందు కర్రతో తిరగెయ్యడం, ఈ రెండు చేస్తే చాలా కాట్లు తప్పుతాయి.

మేం పాడేరు దగ్గర ఉంటాం. గిరినాగు ఆకులతో గూడు కడుతుందని మా తాతలు అంటారు, టీవీలో చెప్తే నమ్మాం. పిల్లలు పుట్టగానే తల్లి తినేస్తుందా? - ఒక టీచర్

మీ తాతలు చెప్పింది అక్షరాలా నిజం. ప్రపంచంలో గుడ్ల కోసం గూడు కట్టే పాము ఇదొక్కటే. చేతుల్లేవు, కాళ్లు లేవు, ఒళ్లు కొక్కెంలా మడిచి రాలిన ఆకుల్ని, వెదురాకుల్ని దగ్గరికి లాక్కుంటూ కుప్ప పోస్తుంది, 20 నుంచి 40 దాకా గుడ్లు దాని మధ్యలో పెట్టి పైన మళ్లీ ఆకులు కప్పి, తను ఆ కుప్ప మీదే కాపలా కూర్చుంటుంది. ఆకులు కుళ్లేటప్పుడు పుట్టే వేడే గుడ్లని పొదుగుతుంది, కుప్ప ఎంత బిగువుగా ఉంటుందంటే పైన వాన కురుస్తున్నా లోపల గుడ్ల దాకా నీళ్లు దిగవు. రెండు నుంచి మూడున్నర నెలలు ఇలాగే సాగుతుంది, ఆ రోజుల్లో తల్లి తిండి కూడా దాదాపు మానేస్తుంది. పిల్లలు వచ్చే ముందు మాత్రం వదిలేసి వెళ్లిపోతుంది. గిరినాగు తిండే పాములు, కాబట్టి ఆకలితో ఉన్న తల్లి పిల్లల్ని తినకుండా అలా వెళ్లిపోతుందని చెప్తారు. మొత్తానికి పుట్టగానే తల్లి తినెయ్యడం లేదు. పిల్లలు నల్లగా, ఒంటినిండా సన్నటి తెల్లని పసుపు పట్టీలతో చాలా అందంగా ఉంటాయి, మూరెడు పొడవుంటాయి, విషమూ ఉంటుంది.

పెద్దగా చెప్పుకోవాల్సిన సంగతి ఇంకోటుంది, మన దగ్గర దొరికే యాంటీ వెనమ్ గిరినాగు కాటుకి సరిపోదు. అందుకని అడవిలో అలాంటి ఆకుల కుప్ప కనపడితే దూరంగా తప్పుకుని ఫారెస్ట్ వాళ్లకి చెప్పాలి. బడిలో పిల్లలకి ఇది మీరు చెప్తే వింటారు, మీ మాటకి ఇంట్లో పెద్దవాళ్లు కూడా విలువిస్తారు. అన్నట్టు పడమటి కనుమల్లో ఉండే గిరినాగుని 2024లో శాస్త్రవేత్తలు వేరే జాతిగా గుర్తించి కాళింగ అనే పేరే పెట్టారు.

పూలకుండీలో మట్టి మారుస్తుంటే వానపాములా నల్లగా మెరుస్తూ, కానీ పాములా నాలుక ఆడిస్తూ ఒకటి కనపడింది. చెవిలో దూరుతుందట కదా? - ఫ్లాట్‌లో ఉంటాం, విజయవాడ

అది గుడ్డిపాము అండి, పిల్ల కాదు, పెద్దదే అంత ఉంటుంది. చీమల గుడ్లు, చెదల గుడ్లు తిని బతుకుతుంది, మనిషిని కరవలేదు, చెవిలో దూరుతుందనేది ఉత్తమాట. వీటిలో మగవి లేనే లేవు, అన్నీ ఆడవే, జత లేకుండానే గుడ్లు పెడతాయి, అందుకే ఒక్కటి కుండీ మట్టిలో వేరే దేశానికి చేరినా అక్కడ సంతతి మొదలవుతుంది. కుండీలోకే వదిలెయ్యండి.

డల్లాస్‌లో ఉంటాం. బ్యాక్‌యార్డ్‌లో తోక చివర పచ్చగా ఉన్న చిన్న పాము కనపడింది, మా బాబు పురుగనుకుని దగ్గరికి వెళ్లాడు. మన ఊరి పాముల్లో ఇలాంటిది చూడలేదు. - ఒక తల్లి

మీ వైపు కాపర్‌హెడ్ అనే పాము ఉంటుంది, మన పింజరి కుటుంబమే, అదీ పిల్లల్నే కంటుంది. దాని పిల్లల తోక చివర పసుపు పచ్చగా ఉంటుంది, తోకని పురుగులా ఆడించి కప్పల్ని, బల్లుల్ని దగ్గరికి రప్పించుకుంటుంది, మీ బాబు కూడా అలాగే వెళ్లాడు. పిల్లకీ విషం ఉంటుంది. ఆకులు ఊడ్చేటప్పుడు గ్లోవ్స్, బూట్లు వేసుకోండి, కాటు పడితే 911, అక్కడి పాయిజన్ కంట్రోల్ నంబర్ 1-800-222-1222 ఫ్రిజ్ మీద రాసి పెట్టుకోండి.

నాగపంచమికి పుట్టలో పాలు పోస్తాం కదా, లోపల పిల్లలుంటే తాగుతాయా? - నిజామాబాద్ నుంచి

తాగవమ్మా, పాము పిల్ల పాలు తాగే జీవి కాదు. శ్రావణంలో చాలా పుట్టల్లో గుడ్లో, అప్పుడే పుట్టిన పిల్లలో ఉండే సమయం, పాలు గుమ్మరిస్తే లోపల తడిసి కుళ్లు పడుతుంది, చీమలు పడతాయి. భక్తి ఉన్నవాళ్లు పుట్టకి పసుపు కుంకుమ పెట్టి, పాలు గిన్నెలో నైవేద్యం చూపించి పిల్లలకి ఇవ్వండి. కన్నాల్లో వేళ్లు మాత్రం పెట్టకండి.

రాత్రి నేల మీద పడుకున్న మా చెల్లెలి కొడుక్కి తెల్లారుజామున కడుపునొప్పి, వాంతులు అయ్యాయి. అజీర్తి అనుకున్నాం. పొద్దున చాప కింద సన్నటి నల్ల పాము పిల్ల దొరికింది. ఒంటి మీద గాటే లేదు. జిల్లా ఆసుపత్రిలో బతికించారు. గాటు లేకుండా విషం ఎలా ఎక్కింది? - మదనపల్లె నుంచి

బాబు బతికాడు, అదే చాలు. మీరు చెప్పినదాన్ని బట్టి అది కట్లపాము అయ్యుంటుంది. దాని కోరలు చాలా చిన్నవి, పిల్లవి ఇంకా చిన్నవి, నొప్పి ఉండదు, వాపు ఉండదు, గాటు చాలాసార్లు కంటికి కనపడదు, నిద్రలో ఉన్నవాడికి మెలకువ కూడా రాదు. కడుపునొప్పి, వాంతులు, గొంతు పట్టేసినట్టు ఉండటం, తర్వాత కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం, చివరికి ఊపిరి అందకపోవడం, ఇదీ వరస. వానాకాలంలో నేల మీద పడుకున్న మనిషికి తెల్లారుజామున ఇలా మొదలైతే గాటు ఉన్నా లేకపోయినా పాము కాటు అనే అనుకుని కదలాలి. మందుతో పాటు వెంటిలేటర్ మీద పెడితే పూర్తిగా కోలుకుంటారు, మీ ఇంట్లో చూశారు కదా.

2020లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం మన దేశంలో ఏటా సగటున 58,000 మంది పాము కాటుతో చనిపోతున్నారు, అందులో సగం జూన్ నుంచి సెప్టెంబర్ మధ్యే, ఎక్కువ చావులు జరిగే రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. అందుకే చెప్తున్నా, మంత్రం, పసరు, కోసి రక్తం పీల్చడం, తాడుతో బిగించి కట్టడం ఏదీ వద్దు. కాటు పడ్డ చెయ్యో కాలో కదలకుండా కర్రకట్టు వేసినట్టు గుడ్డతో వదులుగా కట్టి, ఉంగరాలు, కడియాలు, మొలతాళ్లు తీసేసి, మనిషిని నడిపించకుండా 108కి ఫోన్ చేసి యాంటీ వెనమ్ ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్లాలి. పాముని పట్టి తీసుకెళ్లక్కర్లేదు, కుదిరితే దూరం నుంచి ఫొటో తియ్యండి. అక్కడ డాక్టరు కొంచెం రక్తం తీసి గాజు గొట్టంలో పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు, గడ్డ కట్టకపోతే పింజరి విషం పనిచేస్తున్నట్టు లెక్క, ఆ 20 నిమిషాలు ఊరికే కూర్చోబెట్టారని గొడవ పడకండి. కట్లపాము విషానికి ఈ పరీక్షలో ఏం తేలదు కాబట్టి రెప్పలు వాలుతున్నాయా, మింగడం కష్టమవుతోందా అనేది మీరే గమనించి వెంటనే చెప్పాలి.

ఇంక ఇంట్లో అందరికీ మంచాలు లేకపోతే కనీసం దోమతెర కట్టి, దాని అంచులు చాప కిందికి చుట్టూ దోపి పడుకోబెట్టండి. దోమలే కాదు, రాత్రిపూట తిరిగే కట్లపాము కూడా లోపలికి రాలేదు.